మేం మొద్దులం కాదు, చూపు ఆనలేదు



పోయిన నెల మా వాడలో అంబేద్కర్ విగ్రహం కాడ మీటింగు పెట్టుకున్నాం. కరపత్రం చదవమని నా చేతికిచ్చారు. చేయి చాపి దూరంగా పట్టుకున్నా అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. సంచీలోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాను. ముందు వరసలో కూర్చున్న మా పెద్దమ్మ గట్టిగా అనింది: "ఏమే, ముప్పై రెండు వేలు పోసి లేజరు చేయించుకుంటివి గదా, మళ్ళా అద్దాలేందే?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీటింగు అయినాక కొందరు నా చుట్టూ చేరారు. ఇద్దరు పిల్లోళ్ళకి ఉద్యోగం కోసం లేజరు కావాలంట. ఒక అమ్మాయికి పెండ్లి కోసం కావాలంట. ఇంకో చిన్న పాప నోరు తెరవలేదు, వాళ్ళమ్మే అడిగింది: "లేజరు చేయిస్తే నా బిడ్డకి చదువు వస్తాదా మేడమ్?"

ఆ తల్లి ప్రశ్నకి నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను మాదిగవాడలో పుట్టినదాన్ని. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. మంగంపేట ముగ్గురాయి గురించి పుస్తకాల్లో గొప్పగా రాస్తారు. ప్రపంచంలో ఒకేచోట ఉన్న అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇది ఒకటని, ఇక్కడి పొడి దేశదేశాల్లో చమురు బావులు తవ్వడానికి పోతుందని రాస్తారు. ఆ రాయి ఏరిన చేతుల గురించి రాయరు. మా అమ్మ ఆ రాయి ఏరే కూలికి పోయేది. పొద్దు గూకినాక ఇంటికి వస్తే రెప్పల మీద కూడా దుమ్మే.

నేను చదివిన ఎలిమెంటరీ బడి ఏ ఊరిదో చెప్పను. ఆ అయ్యవారి పేరూ చెప్పను. మా వాడ పిల్లలం వెనక గోడకి ఆనుకుని కూర్చునేవాళ్ళం. అక్కడినుంచి నాకు బోర్డు ఒక నల్లటి మచ్చలాగా కనిపించేది. దాని మీద తెల్లగా ఏదో ఉందని తెలుసు, ఏముందో తెలీదు. అందరికీ అట్లే కనిపిస్తుందని అనుకున్నాను. పుట్టినప్పటినుంచీ మసక చూసినోళ్ళకి అది మసక అని ఎట్లా తెలుస్తుంది? పక్కపిల్ల పలక చూసి రాసుకుందామంటే ఆ పిల్ల పలక లాక్కునేది. ముట్టుకుంటే మైల.

ఎక్కాలు నోటికి చెప్పమంటే ఇరవై దాకా గడగడా చెప్పేదాన్ని. బోర్డు మీది లెక్క చేయమంటే గుడ్లప్పగించి నిలబడేదాన్ని. అయ్యవారు అనేవాడు: "విని అప్పజెప్తాది గానీ బుర్రలో ఏమీ లేదు. మాదిగోళ్ళ మొద్దు బుర్ర ఇంతేలే."

ఆలోచించండి. నోటికి వచ్చిన పిల్లకి బోర్డు చూసి ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్న వేసుకోడానికి డాక్టరు చదువు చదవాల్నా? కానీ ఆ అయ్యవారికి ప్రశ్న పుట్టలేదు. ఎందుకంటే కులం జవాబు ముందే చెప్పేసింది. అదే పెద్దరెడ్డి కొడుకు బోర్డు చూసి కండ్లు చికిలించి ఉంటే మరునాడే కడపకి తీసుకుపోయి ఉండేవాళ్ళు. వాడికి కండ్లు ఉన్నాయి, మాకు బుర్రలే ఉన్నాయి, అవీ మొద్దువి!

నా అదృష్టం, 1994లో తొమ్మిదో తరగతికి సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చేరాను. అక్కడ సైన్సు చెప్పే టీచరమ్మ ఒకామె నేను పుస్తకాన్ని ముక్కుకి ఆనించి చదవడం చూసింది. తిట్టలేదు. కంటి క్యాంపుకి తోలుకుపోయింది. నాలుగున్నర పవరు అన్నారు. అద్దాలు వచ్చిన ఆదివారం ఇంటికి పోయి, అమ్మకి సంగటి తీసుకుని రాళ్ళ గుట్ట కాడికి పోయాను. అంతకుముందు ఎన్నోసార్లు పోయినాను. దుమ్ములో అందరు ఆడోళ్ళూ ఒకటే మాదిరి బూడిద రంగులో కనిపించేవాళ్ళు. "అమా" అని అరిస్తే ఎవరు తలెత్తితే వాళ్ళే మా అమ్మ. ఆ రోజు అరవలేదు. దూరంనుంచే ఆమెను గుర్తుపట్టాను. ఎడమ చేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది. నాకు పద్నాలుగేండ్లు వచ్చినాక, మా అమ్మ పనిచేస్తుంటే దూరంగా నిలబడి చూడటం అదే మొదటిసారి.

అమ్మ మాత్రం నా మొహం చూసి ఏడ్చింది. "అద్దాల పిల్లని ఎవరు చేసుకుంటారే?" అనింది. ఆమె తప్పు కాదు. ఆడపిల్లకి చదువుకంటే మొగుడు ముఖ్యమని మనకి నూరిపోసినోళ్ళ తప్పు.

డిగ్రీ అయింది, బీఈడీ అయింది, టీచరు ఉద్యోగం వచ్చింది. కన్ను మాత్రం దిగజారి ఆరున్నర పవరు కాడ నిలిచింది. ఆరున్నర అంటే ఏమిటో తెలియనోళ్ళకి చెప్తున్నా: అద్దాలు తీస్తే జానెడు దూరం కూడా సరిగ్గా కనబడదు. మన బిడ్డ మొహమైనా దగ్గరికి పట్టుకుంటేనే తెలుస్తుంది. ఒకసారి ధర్నాలో తోపులాట జరిగి నా అద్దాలు కింద పడిపోయాయి, ఎవరి కాలికిందో నలిగిపోయాయి. చుట్టూ అరుపులు, నాకేమో ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో తెలీదు. ఒక అక్క నా కొంగు పట్టుకుని బయటికి లాగింది. ఆ రాత్రే అనుకున్నా, దీనికి ఏదో ఒకటి చేయాలని.

మొదట ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను. గుమ్మంలోనే పండగ ఆఫర్ బోర్డు. కన్ను చూడకముందే డబ్బు మాట. "ఈరోజే కడితే తగ్గిస్తాం" అన్నారు. చీరల అంగడికి వచ్చానా, కంటి ఆసుపత్రికి వచ్చానా అని తిరిగొచ్చేశాను. రెండో చోట డాక్టరమ్మ ముందు ఒక ప్రశ్న అడిగింది: "బిడ్డకి పాలిస్తున్నావా?" ఇస్తున్నానన్నాను. "మాన్పించినాక, పవరు నిలకడగా ఉందని తెలిసినాక రా" అని పంపించింది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు పవరు మారుతుంది, అప్పుడు చేయకూడదు. డబ్బు తీసుకోకుండా వెనక్కి పంపినామె కాబట్టే ఆమెను నమ్మాను. 2011లో చీటీ ఎత్తి 32,000 కట్టి చేయించుకున్నాను.

ఇది ఏమి ఆపరేషనో పిల్లలకి చెప్పినట్టే చెప్తాను. నల్లగుడ్డు మీద అద్దం మాదిరి పొర ఉంటుంది, దాన్ని కార్నియా అంటారు. దాని మందం అర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. దూరం ఆనని కంట్లో వెలుగు కంటి వెనక తెర దాకా పోకముందే ఒకచోట కలుస్తుంది. అందుకే మసక. అద్దాలు ఆ వెలుగును వెనక్కి జరుపుతాయి. లేజరు ఆ పని కార్నియా మీదే చేస్తుంది. పైపొరని మూతలాగా పక్కకి తీసి, లోపల కొంచెం చెక్కి చదును చేసి, మళ్ళీ మూత కప్పుతారు. నా కంట్లో చెక్కింది ఎంతో తెలుసా? దాదాపు ఒక తలవెంట్రుక మందం. మొద్దుకీ తెలివిగలదానికీ మధ్య ఉన్న తేడా వెంట్రుకవాసి అన్నమాట!

ఈ లేజరుకి దారి చూపినవాళ్ళలో మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్ ఒకరు. అమెరికాలో ఐబీఎం కంపెనీలో పనిచేస్తూ 1981లో, పండగ విందులో మిగిలిన టర్కీ కోడి మాంసం మీద ఈ కిరణాన్ని ప్రయోగించి చూశారు. కాలకుండా, కమలకుండా సన్నగా కోసింది. 1990ల్లో అది మనుషుల కంటికి మామూలు వైద్యం అయిపోయింది. సైన్సు ఎవడి అబ్బ సొత్తూ కాదు. లేజరు కిరణానికి కులం తెలీదు. కిరణం దాకా పోయే దారిలోనే కులం ఉంది, డబ్బు ఉంది.

ఆపరేషన్ పావుగంట పని. మొద్దుబారే చుక్కలు వేస్తారు, నొప్పి ఉండదు. రెప్ప మూయకుండా క్లిప్పు పెడతారు. కొన్ని క్షణాలు కంట్లో చీకటి కమ్ముతుంది, అప్పుడు భయపడ్డాను. తర్వాత ఎర్ర చుక్కను చూస్తూ ఉండమన్నారు. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మరునాడు పొద్దున లేచి అలవాటుగా తలగడ పక్కన అద్దాల కోసం తడుముకున్నాను. తడుముతూనే ఎదురు గోడ మీది క్యాలెండర్లో తేదీ చదివేశాను.

సంతోషం చెప్పినప్పుడు కష్టం కూడా చెప్పాలి. ఆరు నెలలు కండ్లు ఎండిపోయి మండేవి, చుక్కలు వేసుకుంటూనే ఉన్నాను. దుమ్ము లేచే మా ఊళ్ళో అది మరీ నరకం. రాత్రి పూట ఎదురొచ్చే టిప్పర్ లారీ దీపాల చుట్టూ వెలుగు చక్రాలు కనిపించేవి, ఏడాదికి తగ్గాయి. నలభై దాటినాక చత్వారం వచ్చింది. లేజరు దూరపుచూపును సరిచేస్తుంది గానీ వయసును ఆపలేదు. మా పెద్దమ్మ ప్రశ్నకి ఇదే జవాబు. ఇంకొకటి ఎవరూ చెప్పరు: పెద్ద పవరు ఉన్న కన్ను లేజరు తర్వాత కూడా లోపల సాగిన కన్నే. వెనక తెర చిరిగే ప్రమాదం పోదు. అందుకే చుక్కలు వేయించి లోపలి పరీక్ష ఇప్పటికీ చేయించుకుంటూ ఉంటాను.

మా ప్రాంతం పిల్లలకి ముఖ్యంగా చెప్పాల్సింది ఉంది. ఎండ, దుమ్ము ఉన్నచోట పిల్లల కండ్లు దురద పెడతాయి. అస్తమానం నలుపుతారు. అట్లా నలపడానికీ, కార్నియా పలచబడి ముందుకి పొడుచుకొచ్చే జబ్బుకీ సంబంధం ఉంది. ఆ జబ్బు ఉన్నవాళ్ళకి ఈ లేజరు చేస్తే ఉన్న చూపు కూడా చెడుతుంది. కాబట్టి కార్నియా మందం, ఆకారం కొలవకుండా "రేపే చేసేస్తాం" అనే చోటినుంచి లేచి వచ్చేయండి. 18 ఏండ్లు నిండాలి. కనీసం ఏడాదిగా పవరు మారకుండా ఉండాలి.

ఇక ఉద్యోగం సంగతి. మా వాడ పిల్లోడు ఒకడు ఐటీఐ చేశాడు. రైలు నడిపే అసిస్టెంటు లోకో పైలట్ ఉద్యోగం వాడి కల. ఒక కోచింగు ఆయన "నీకు అద్దాలున్నాయి, లేజరు చేయించుకో, అంతా క్లియర్" అన్నాడంట. వాళ్ళమ్మ కమ్మలు కుదువ పెట్టి, రెండు మేకలు అమ్మి చేయించింది. రాత పరీక్ష పాసయ్యాడు. మెడికల్లో తీసేశారు. ఆ పోస్టుకి అద్దాల్లేకుండా 6/6 చూపు ఉండాలని, లాసిక్ గానీ, చూపు సరిచేసే ఇంకే ఆపరేషన్ గానీ చేయించుకున్నవాళ్ళు అర్హులు కారని రైల్వే ప్రకటనలోనే ఉంటుంది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. అంటే అద్దాలు పెట్టుకుని పోయినా రాని ఉద్యోగం కోసం ఆ తల్లి మేకలు అమ్మింది. రూల్ పెట్టినవాళ్ళకి కారణాలు ఉండొచ్చు. ఆ రూల్ చెప్పకుండా డబ్బు కట్టించినోడికి ఏం కారణం ఉంది? మనకి వయసులో అయిదేండ్లు సడలింపు ఉంది. కంటికి సడలింపు లేదు. పోలీసుకి ఒక రూలు, కేంద్ర బలగాలకి ఒక రూలు. ప్రకటన మొత్తం చదివించుకోకుండా ఎవరూ ఆపరేషన్ బల్ల ఎక్కొద్దు.

ఇన్సూరెన్సు ఉంది కదా అంటారు. 2019లో వచ్చిన ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం పవరు ఏడున్నర కంటే తక్కువ ఉంటే ఈ ఖర్చు కంపెనీ ఇవ్వనక్కర్లేదు. ఆరున్నర పవరు ఉన్న నాలాంటిది వాళ్ళ లెక్కలో సోకు కోసం పోయినట్టు! జానెడు దూరం కనపడని ఆడమనిషి పొయ్యి కాడ, రోడ్డు మీద, పొలంలో ఎట్లా బతుకుతుందో ఆ రూల్ రాసినోళ్ళు ఒక్కరోజు అద్దాలు తీసి చూసుకోవాలి.

ఇంతదాకా వేరేవాళ్ళ తప్పులు చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెప్పకపోతే ఇది రాయడం దండగ.

లేజరు అయిన నాలుగైదేండ్లకి నా ఆరో తరగతిలో ఒక యానాది పిల్లోడు చేరాడు. పాఠం చెప్తే వినేవాడు. బోర్డు మీద రాస్తే రాసుకునేవాడు కాదు. నోట్సు ఖాళీ. అడిగితే తల వంచుకునేవాడు. రెండు నెలలు చూసి ఒకరోజు విసుక్కున్నాను: "వీడు మొద్దు, వీడితో కాదు." ఆ మాట నా నోటినుంచే వచ్చింది. నా మీద పడిన రాయినే తీసి ఆ బిడ్డ మీద వేశాను. ఇంకొన్నాళ్ళకి వాడు బడి మానేశాడు. వాళ్ళ నాయనతో చెరువు కాడ కనిపించాడు, వలలో ముడి వేస్తూ ఉన్నాడు. వల వాడి ముక్కుకి ఆనుకుని ఉంది.

అక్కడే నిలబడిపోయాను. ముక్కుకి ఆనించి చదివిన పిల్లని నేనే కదా. అద్దాలు మొహం మీద ఉన్నన్నాళ్ళూ నాకు అది గుర్తుండేది. లేజరు అయినాక అద్దాలతో పాటు జ్ఞాపకం కూడా పోయింది. జీతం వచ్చి, మిద్దె ఇల్లు కట్టుకుని, వాడ దాటిన మనందరికీ ఇది చెప్తున్నాను. మన కష్టం తీరిన రోజునే మన కింద ఉన్నోడి కష్టం కనపడకుండా పోతుంది. వాడిని పరీక్ష చేయిస్తే నాలుగు పవరు. అద్దాలు ఇప్పించాం. తిరిగి బడికి వచ్చాడు గానీ ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది వాడికి నేను బాకీ.

అప్పటినుంచీ ఏటా బడి తెరిచిన మొదటి వారంలో నా తరగతి పిల్లలందరికీ నేనే చూపు పరీక్ష చేస్తాను. ఇది ఎవరైనా చేయొచ్చు. కంటి డాక్టర్ల కాడ ఉండే అక్షరాల చార్టు ఒకటి సంపాదించండి. వెలుతురు బాగా ఉన్నచోట గోడకి తగిలించి, 20 అడుగుల దూరంలో పిల్లని నిలబెట్టండి. ఒక కన్ను అరచేత్తో మూయించండి, గుడ్డు మీద ఒత్తనీయొద్దు. ఒక్కో కన్ను విడిగా చూడండి. ఒక కన్ను బాగుంటే పిల్లలు రెండోది బాగలేదని కనిపెట్టలేరు. కింది వరసలు చదవలేని పిల్లని కంటి డాక్టరు కాడికి పంపండి. అక్షరాలు రాని పిల్లలకి నాలుగు దిక్కులకీ తిరిగిన గుర్తుల చార్టు ఉంటుంది, ఎటు తిరిగిందో చేత్తో చూపిస్తే చాలు.

ఇది దానధర్మం కాదు. 2013నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం పుట్టిన బిడ్డనుంచి 18 ఏండ్ల దాకా పిల్లలకి చేయాల్సిన ఆరోగ్య పరీక్షల్లో చూపు పరీక్ష ఉంది. 2019 అక్టోబరులో మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు కూడా ముందు బడి పిల్లలతోనే మొదలుపెట్టారు. పథకాల పేర్లు మారుతుంటాయి, పిల్లల కండ్లు మారవు. పరీక్ష చేసి చీటీ రాసిస్తే సరిపోదు, అద్దాలు బిడ్డ చేతికి రావాలి. ఏడాదికొకసారి పవరు మళ్ళీ చూడాలి. ఇది రాతపూర్వకంగా అడగండి.

పెద్దోళ్ళ సంగతి కూడా మరవద్దు. 1996నుంచి 2000 దాకా హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థ మన ఉమ్మడి రాష్ట్రంలో సర్వే చేస్తే, గుడ్డితనంలో సగానికి పైగా శుక్లాల వల్లా, అద్దాలతో సరిపోయే దోషాల వల్లా అని తేలింది. అంటే తీర్చగలిగిన చీకటి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరచూపు అద్దాలు ఇచ్చి చూశారు. ఇవ్వనివాళ్ళకంటే వాళ్ళ పని 20 శాతానికి పైగా ఎక్కువ పెరిగింది. 2018లో అది పత్రికల్లో వచ్చింది. రాయి ఏరే, మిరపకాయ తొడిమ తీసే, బియ్యంలో మెరిగలు ఏరే మన అమ్మలకి "వయసైపోయింది" అని పని ఇవ్వకపోవడం కాదు, అద్దాలు ఇవ్వాలి.

అందుకని నేను చెప్పేది ఇది. లేజరు చెడ్డది కాదు. నాకు మేలు చేసింది. అన్నీ తెలుసుకుని, పరీక్షలన్నీ చేయించుకుని, అప్పు చేయకుండా చేయించుకోగలిగినోళ్ళు చేయించుకోండి. కానీ మన ఉద్యమం అడగాల్సింది లేజరు కాదు. ప్రతి వాడలో, ప్రతి బిడ్డకి, బడిలో చేరిన ఏడాదే చూపు పరీక్ష. అవసరమైన బిడ్డకి అద్దాలు. బోర్డు కనపడే చోట కూర్చునే హక్కు. నాకు 1994లో అందిన అద్దాలు 1985లోనే అంది ఉంటే, తొమ్మిదేండ్లు ఆ మాట పడి ఉండేదాన్ని కాదు.

ఆ రోజు అడిగిన తల్లికి జవాబు: లేజరుతో చదువు రాదమ్మా. చిన్నబిడ్డలకి లేజరు చేయరు కూడా. పోయిన శనివారం నీ బిడ్డని తీసుకుపోయాం గదా, రెండున్నర పవరు అన్నారు. అద్దాలకి 400 అయింది. పాపని ముందు వరసలో కూర్చోబెట్టమని వాళ్ళ టీచరుకి చెప్పాం. చదువు దానంతటదే వస్తుంది.

"అద్దాల పిల్ల అంటారేమో" అని నువ్వు భయపడ్డావు. మన వాడ నడిమిట్లో నిలబడిన బాబాసాహెబ్‌ని ఒకసారి తలెత్తి చూడు. ఒక చేతిలో పుస్తకం, కండ్లకి అద్దాలు. చివరి ఏండ్లలో చక్కెర జబ్బుతో చూపు తగ్గుతున్నా ఆయన చదవడం మానలేదు, రాయడం మానలేదు. అద్దాల్లేని అంబేద్కర్ విగ్రహం తెచ్చి నిలబెడితే మనం ఒప్పుకుంటామా? మరి మన ఆడబిడ్డ అద్దాలు ఎందుకు దాచిపెట్టాలి?

జై భీమ్!

– ఒక టీచరమ్మ, మంగంపేట